ఫిట్ అని రాసిన కాగితం

సోంపేటలో బస్టాండు దాటగానే మా సంస్థ గది. గల్ఫ్ పనికి వెళ్ళేవాళ్ళు ఏజెంటుకి డబ్బు కట్టే ముందు కాగితాలు చూపించుకోవడానికి వస్తారు. కొందరు కట్టేశాక వస్తారు. వీసా ఏ రకందో, ఆఫర్ లెటర్‌లో జీతం ఎంత రాశారో, ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో చూసి చెప్పడం నా పని. పదకొండేళ్ళుగా ఇదే చేస్తున్నాను. వచ్చిన ప్రతి మనిషినీ "ఎందుకెళ్తున్నావు?" అని అడిగి రిజిస్టర్‌లో ఒక గడి నింపుతాను. ఎక్కువ పేజీల్లో ఆ గడిలో "అప్పులు" అని ఉంటుంది. తర్వాతి స్థానం "ఇల్లు"ది, ఆ తర్వాత "చెల్లి పెళ్ళి". ఈ కేసులో మాత్రం ఆ గడిని రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

ఆయన పేరు రాయను. రిజిస్టర్‌లో వృత్తి రిగ్గర్ అని ఉంది కాబట్టి ఇక్కడా రిగ్గర్ అనే అంటాను. క్రేన్‌తో ఎత్తే బరువుకి స్లింగు, షాకిల్ వేసి కట్టి, కింద నిలబడి చేతి సైగలతో ఆపరేటర్‌కి దారి చూపించేవాడు రిగ్గర్. సోంపేట, కవిటి మండలాలున్న మా ఉద్దానంలో వెల్డరో, పైప్ ఫిట్టరో, రిగ్గరో లేని వీధి దొరకదు. రాసిందంతా ఆయనకు చదివి వినిపించాను. రెండు చోట్ల మార్చమన్నాడు, మార్చాను.

వచ్చిన రోజు

2024 ఫిబ్రవరి. మనిషికి ముప్పై రెండేళ్ళు, ఊరు కవిటి మండలంలో, చదువు ఎనిమిదో తరగతి. అప్పటికే రెండు ట్రిప్పులు చేసి వచ్చాడు: 2013 నుంచి 2016 దాకా ఖతార్, 2019 నుంచి 2022 దాకా సౌదీ. మళ్ళీ సౌదీకే మూడో ట్రిప్పు. ప్లాస్టిక్ కవర్‌లోంచి పాస్‌పోర్టు, వీసా ప్రింటు, ఆఫర్ లెటర్ జిరాక్సు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. కాగితాలు పెట్టే తీరు చూస్తే చాలా ఆఫీసుల్లో నిలబడిన మనిషని తెలుస్తుంది.

"ఈ వీసా మంచిదేనా మాస్టారూ?"

అది విజిట్ వీసా. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ రకం, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైనది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు అలాంటి పాస్‌పోర్టుతో పనికి వెళ్ళాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నడుస్తుంది. విజిట్ వీసా మీద వెళ్తే ఆ గొడవే ఉండదు. ఏజెంట్లు చూపించే అడ్డదారి ఇదే. అక్కడ దిగాక "వీసా మార్పిస్తాం" అంటారు. మార్చకపోతే మనిషి అక్కడ చట్టం దృష్టిలో పనివాడే కాడు. జీతం ఆగినా అడిగే హక్కుండదు. రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో పది లక్షల కవరేజీ ఇచ్చే ప్రవాసీ భారతీయ బీమా కూడా అలా వెళ్ళినవాడికి రాదు.

ఏజెంటు అడిగింది లక్షా నలభై వేలు. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు పనివాడి దగ్గర తీసుకోగలిగింది 30,000, దాని మీద జీఎస్టీ. మొత్తం 35,400. ఈ మాట నేను చెప్పబోతే ఆయనే అందుకున్నాడు.

"తెలుసు మాస్టారూ. ఇప్పుడందరూ అలాగే ఎల్తన్నారు."

ఎందుకెళ్తున్నావని అడిగాను. "అప్పులు" అన్నాడు. గడి నిండింది.

లెక్క

అప్పు మొత్తం మూడు లక్షల పది వేలు. అందులో లక్షా ముప్పై వేలు తండ్రి ఆసుపత్రి ఖర్చు, లక్ష ఇంటి శ్లాబుకి, ఎనభై వేలు తోటకి. తోట కథ ఇక్కడ అందరికీ తెలిసిందే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. వీళ్ళ ఎకరం ముప్పావు తోటలో 74 కొబ్బరి చెట్లుంటే 9 నిలబడ్డాయి. కొబ్బరి మొక్క పెట్టాక కాపు చూడాలంటే ఆరేడేళ్ళు. జీడి కాస్త నయం, నాలుగైదేళ్ళు. మధ్యలో ఆ ఇల్లు ఏం తినాలి? రెండో ట్రిప్పు అప్పుడు అలా మొదలైంది. అందులో నాకు సందేహం లేదు.

మూడో ట్రిప్పుకి మాత్రం లెక్క కుదరలేదు. ఆయన ముందే కాగితం మీద వేశాను. ఆఫర్‌లో జీతం 1,700 రియాళ్ళు. రియాల్ 22 రూపాయల చొప్పున 37,400. తిండి సొంత ఖర్చు, 350 రియాళ్ళు, అంటే 7,700. మిగిలేది 29,700. ఏజెంటుకి కట్టే లక్షా నలభైని ఇరవై నాలుగు నెలలకు పంచితే నెలకు 5,830. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నాడు. అసలు తీరేకొద్దీ వడ్డీ తగ్గినా సగటున నెలకు పదిహేను వందలు వేసుకోవాలి. చేతికొచ్చేది 22,400 దగ్గర. పారాదీప్‌లో షట్‌డౌన్ పనికి, అంటే ఫ్యాక్టరీ ఆపి చేసే మరమ్మతుకి, రిగ్గర్‌కి రోజుకు 900 ఇస్తున్నారని ఆయనే చెప్పాడు. ఇరవై ఆరు రోజులకు 23,400, గదికి తిండికి ఐదు వేలు తీసేస్తే 18,400. తేడా నెలకు నాలుగు వేలు. ముంబయి రైలు టికెట్టూ అక్కడ లాడ్జీ ఖర్చూ ఇందులో కలపలేదు.

ఆ నాలుగు వేల కింద గీత గీసి కాగితం ఆయన వైపు తిప్పాను.

"ఓటీ ఉంటాది కద మాస్టారూ."

"ఓవర్‌టైమ్ పారాదీప్‌లోనూ ఉంటుంది కదా."

నవ్వాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగు వేల కోసం రెండేళ్ళు పెళ్ళాం బిడ్డల్ని వదిలి ఎవరూ పోరు. "అప్పులు" అన్న మాట అబద్ధమని కాదు. నలుగురిలో చెప్పుకోవడానికి వీలైన కారణం అదని మాత్రం ఆ రోజే అనిపించింది. గడిలో "అప్పులు" కొట్టేశాను.

మా శిక్షణలో వలసకు కారణాలు రెండే చెప్పారు: ఊరి నుంచి తోసేవి, పైదేశం నుంచి లాగేవి. ఈ చూపుని 1966లో ఒక చోట కూర్చిన అమెరికన్ పరిశోధకుడు ఎవరెట్ లీ నిజానికి నాలుగు చెప్పాడు. దారిలో అడ్డంకులు మూడోది, మనిషి సొంత స్వభావం నాలుగోది. మాకు చెప్పినవాళ్ళు ఆ చివరి రెండూ వదిలేశారు. 1980ల నుంచి వచ్చిన ఆర్థికవేత్తలు ఇంకో మాటన్నారు: వెళ్ళేది మనిషైనా నిర్ణయం ఇంటిది. ఒక కొడుకు తోటలో, ఒకడు విశాఖలో, ఒకడు సౌదీలో ఉంటే ఏ తుఫాను వచ్చినా అన్ని ఆదాయాలూ ఒకేసారి కొట్టుకుపోవు. తిత్లీ చూసినవాళ్ళకి ఇది ఏ ఆర్థికవేత్తా చెప్పక్కర్లేదు. ఈ ఇంట్లోనూ పెద్దవాడు తోట చూసుకుంటాడు, రెండోవాడికి గాజువాకలో పని, మూడోవాడు మన రిగ్గర్.

ఒక సంగతి ఇక్కడే అనేస్తాను. ఇదే మండలం నుంచి అమెరికాకి ఎంఎస్‌కి వెళ్ళే పిల్లల్ని ఎవరూ "ఎందుకెళ్తున్నావు" అని గదిలో కూర్చోబెట్టి అడగరు. వాళ్ళు బ్యాంకులో తీసుకునే అప్పు ఈయన అప్పుకి పదింతలు. వాళ్ళది కెరీర్, ఈయనది మాత్రం సమస్య. మా రిజిస్టర్‌లో ఆ గడి ఉండటమే నాకు కొన్నిసార్లు ఇబ్బందిగా ఉంటుంది. డిగ్రీలున్నవాళ్ళు మోసపోరనీ కాదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్ళి మనవాళ్ళ చేత సైబర్ మోసాలు చేయించిన ముఠా సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అక్కడ ఇరుక్కున్నవాళ్ళలో కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేయగల చదువున్నవాళ్ళే ఎక్కువ.

నా పొరపాటు

మార్చి నెలాఖరులో మళ్ళీ వచ్చాడు. ఈలోగా నేనో నిర్ధారణకి వచ్చేశాను. సౌదీలో చివరి ఏడాది ఆయన రిగ్గింగ్ ఫోర్‌మన్. పదిహేను మంది ఆయన చెయ్యి ఎటు ఊగితే అటు చూస్తారు. ఇక్కడ ఇంట్లో ఆఖరివాడు. తోట గురించి మాట్లాడబోతే "నీకేటి తెలుసురా" అంటాడు పెద్దన్న. పెళ్ళిళ్ళకి కానుక రాయించేటప్పుడు మాత్రం అందరూ ఈయన చెయ్యే చూస్తారు. ఇలాంటివాళ్ళని నేను చాలామందిని చూశాను. సెలవుకొచ్చిన నెల రాజు, మూడో నెలకి ఖాళీగా తిరిగేవాడు. కాబట్టి అసలు కారణం గౌరవం అనుకున్నాను.

అనుకుని ఊరుకోలేదు, మొహం మీద అనేశాను. "నీకు డబ్బు కాదు తమ్ముడూ, అక్కడ దొరికే గౌరవం కావాలి. ఇక్కడ అన్నలతో తేల్చుకుంటే నీకా వీసాతో పనుండదు."

ఆయన కాసేపు బల్ల వైపు చూశాడు. "సరే మాస్టారూ" అని లేచాడు. ఐదు వారాలు మళ్ళీ కనబడలేదు. ఫోన్ ఎత్తలేదు.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట, మనిషి చెప్పని కారణాన్ని మనం వాడి నోట్లో పెట్టకూడదని. పదకొండో ఏట నేనే పెట్టాను. నేనన్నది పూర్తిగా తప్పేమీ కాదు, గౌరవం కొంత ఉంది. అందుకే ఆయన కాదనలేకపోయాడు. సగం నిజం మొహాన కొట్టేసరికి మిగిలిన సగం చెప్పే దారి మూసుకుపోయింది.

ఇంటికి వెళ్ళినప్పుడు

మే మొదటి వారంలో ఆయన భార్య ఫోన్ చేసింది. "ఏజెంటుకి ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చీసినాడు మాస్టారూ. మీరొకసారి రండి."

వాళ్ళ ఇల్లు సగం కట్టి ఆగింది. శ్లాబు మీద స్తంభాలకి పై అంతస్తు కోసం వదిలిన ఇనుప చువ్వలు తుప్పెక్కి ఉన్నాయి. వాటికి అడ్డంగా తీగ కట్టి బట్టలు ఆరేశారు. వాకిట్లో కొత్త కొబ్బరి మొక్కలు ఇంకా నా నడుం దాకా రాలేదు. పనసకాయల కాలం. తల్లి పళ్ళెంలో తొనలు వలిచి పెట్టింది.

లోపలి గదిలో గోడ వారన ఒక టేకు పెట్టె ఉంది, మీద ఇత్తడి తాళం కప్ప. తల్లి చెప్పింది: "మా మావ రంగం నుంచి తెచ్చినాడు బావూ. మావ ఎల్లినాడు, ఈడి పెదనాన్న ఎల్లినాడు. ఇప్పుడు ఈడు దుబాయి ఎల్తాడు." ఆమెకి ఖతార్, సౌదీ అన్నీ దుబాయే. వెనకటివాళ్ళకి బర్మా అంతా రంగం అయినట్టే.

రంగం అంటే రంగూన్. ఈ తీరానికి అది కొత్త మాట కాదు. బారువ నుంచి, కళింగపట్నం నుంచి ఓడలు వెళ్ళేవి. ధాన్యం మిల్లుల్లో, రేవులో బస్తాలు మోసిన కూలీల్లో తెలుగువాళ్ళు చాలామంది. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళందరినీ కొరంగీలు అనేవారు. 1930 మేలో రేవులో సమ్మె జరిగి, దాని వెనక బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ మధ్య పెద్ద కొట్లాట అయింది. చాలామంది మనవాళ్ళు చచ్చిపోయారు. అయినా వెళ్ళడం ఆగలేదు. 1942లో జపాన్ సైన్యం వచ్చాక కాలినడకన పారిపోయి వచ్చారు. మిగిలినవాళ్ళు 1962లో నె విన్ అధికారంలోకి వచ్చి వ్యాపారాలు జాతీయం చేశాక తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది.

ఆ పెట్టె చూశాక నా ప్రశ్న మారింది. ఇలాంటి ఇంట్లో వెళ్ళడానికి కారణం వెతకడం తలకిందుల పని. మూడు తరాలుగా ఒక మగవాడు సముద్రం దాటడం ఆ ఇంటి అలవాటు. ఉండిపోవాలంటేనే కారణం చెప్పాలి. గడిలో రాసుకున్న "గౌరవం" కూడా కొట్టేసి "ఇంటి ఆనవాయితీ" అని రాయాలనుకున్నాను. అదీ మిగల్లేదు.

తల్లి పెరట్లోకి వెళ్ళాక భార్య గొంతు తగ్గించింది.

"ఉంటే నాకు సంతోషమే మాస్టారూ. ఉంటే పడుకోడు."

"పడుకోకుండా?"

"రాత్రి రెండుకో మూడుకో లేస్తాడు. లైటేసి మంచం మీద కూకుంటాడు. బొటనవేలితో కాలి మీద ఒత్తుకుంటాడు, ఇక్కడ" అని తన మోకాలి కింద ఎముక మీద చూపించింది. "ఒత్తి, తీసి, చూస్తాడు. గుంట పడిందా లేదా అని. మళ్ళీ రెండో కాలు."

ఉద్దానంలో పెరిగినవాడికి ఆ బొటనవేలి సంగతి చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఇంటింటా భయపడే కిడ్నీ జబ్బు వస్తే కాళ్ళకి నీరు పడుతుంది, అది పట్టిందేమో చూసుకోవడం అది.

మూడో సిట్టింగ్

తండ్రికి 2016లో కిడ్నీలు పాడైనట్టు తెలిసింది. షుగర్ లేదు, అంతకుముందు బీపీ లేదు. 2019 నుంచి డయాలసిస్, వారానికి మూడుసార్లు ఆటోలో సోంపేట. డయాలసిస్ ఉచితమే, 2020 నుంచి నెలకు పది వేల పెన్షనూ వచ్చింది. అయినా ఆటోకీ మందులకీ తోడు వెళ్ళినవాళ్ళ కూలి పోయినందుకూ లక్షా ముప్పై వేలు అప్పయింది. 2021 మేలో చనిపోయాడు. కోవిడ్ రెండో విడతలో మామూలు విమానాలు లేవు. కొడుకు సౌదీ క్యాంపులో మంచం మీద కూర్చుని ఫోన్‌లో చూశాడు.

నేను తోటలోకి నడిచాను. నిలబడిన తొమ్మిది చెట్లలో ఒకదాని కింద కూర్చుని ఉన్నాడు. నేను ఈసారి ఏమీ అనలేదు. ముందు క్షమించమన్నాను, మార్చిలో అన్న మాటకి. ఆ తర్వాత ఒకే ప్రశ్న అడిగాను: "ఎల్లకపోతే ఏటవుతాదని నీ భయం?"

చాలాసేపటికి లేచి ఇంట్లోకి వెళ్ళి ఒక ఫైలు తెచ్చాడు. అందులో మూడు కాగితాలు, మూడూ లామినేషన్ చేయించినవి. గల్ఫ్ మెడికల్ రిపోర్టులు. ఒకటి 2013ది, ఒకటి 2019ది, మూడోది కొత్త వీసా కోసం 2024 జనవరిలో చేయించింది. మూడింటి మీదా ఫిట్ అని ముద్ర. ఆ మెడికల్‌లో ఎక్స్‌రే, కామెర్లు, హెచ్‌ఐవీ పరీక్షలతో పాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూస్తారు. ఆయన వేలు ఆ వరస మీదే ఉంది. 0.9, 1.0, 1.0.

"ఇక్కడ టెస్టు సేయించుకుంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తాది మాస్టారూ. మెడికల్‌కి ఎల్తే ఎవుడూ అడగడు. గల్ఫ్‌కి ఎల్తన్నాడు అనుకుంటారు."

అదీ సంగతి. ఊళ్ళో కిడ్నీ పరీక్షల క్యాంపు పెట్టిన ప్రతిసారీ ఈయనకి ఏదో పని పడుతుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో మంచినీళ్ళూ వచ్చాయి. ఈయన ఆ ఆసుపత్రి గేటు దాటలేదు, ఆ నీళ్ళూ తాగడు. ఇరవై లీటర్ల టిన్ను కొంటాడు, కూతురికి బడికి కూడా సీసాలో అవే పోసి పంపుతాడు. "క్యూలో నిలబడితే మావోళ్ళు పదిమంది కనబడతారు" అన్నాడు. రెండో అన్న కూతురికి సంబంధాలు చూస్తున్నారు. ఇంట్లో రెండో మనిషికి కిడ్నీ జబ్బు అంటే ఏం జరుగుతుందో ఆయనకి తెలుసు. ఉద్దానం పేరు వినగానే వచ్చిన సంబంధం వాళ్ళు రక్తపరీక్ష అడగడం నేను కూడా చూశాను.

వీసా చేతికొస్తే ఏ అవమానం లేకుండా ఒక పరీక్ష. పాసైతే రెండు మూడేళ్ళ ధైర్యం. ఆ రెండు మూడేళ్ళూ ఈ నేలకీ ఈ నీళ్ళకీ దూరంగా. "అక్కడ కంపెనీ నీళ్ళు" అన్నాడు, ఇంతకన్నా ఏం కావాలన్నట్టు.

నెలకు నాలుగు వేల తేడా ఉన్న లెక్క అప్పుడు కుదిరింది. గడిలో "భయం" అని రాసి వదిలేశాను. అది ఇప్పటికీ అలాగే ఉంది.

ఎండ

ఇక్కడి నుంచి నా పని మారింది. ఆయన దేనికి భయపడి వెళ్తున్నాడో అదే అక్కడా ఎదురవ్వొచ్చని చెప్పాలి. భయపడుతున్న మనిషిని ఇంకొంచెం భయపెట్టడం ఎలా?

ఉద్దానం జబ్బుకి ఒకే కారణమని ఎవరూ తేల్చలేదు. నీళ్ళలో సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం, ఇవన్నీ అనుమానితులే. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకీ, ఎల్ సాల్వడార్, నికరాగ్వాల్లో చెరకు కోసే కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడి చెరకు తోటల్లో డాక్టర్లు ఎక్కువగా అనుమానించింది ఎండలో చేసే బండ చాకిరీని. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వయసు కుర్రాళ్ళు డయాలసిస్‌కి రావడం నేపాల్ డాక్టర్లు కూడా గమనించారు. ఇదంతా ఆయనకి ఉపన్యాసంలా చెప్పలేదు. ఖతార్‌లో వేసవి డ్యూటీ ఎలా గడిచేదో అడిగాను.

2014 జులై. పొద్దున్న నాలుగింటికి బస్సు. పని చేసే చోటికి టాయిలెట్ దూరం, వెళ్తే సూపర్‌వైజర్ టైమ్ చూసేవాడు. అందుకని నీళ్ళు తక్కువ తాగేవాళ్ళు. నడుం నొప్పికి క్యాంపులో ఎవడో ఒకడి దగ్గర డైక్లోఫెనాక్ మాత్రలుండేవి, రోజుకి రెండు. మూత్రం ఏ రంగులో వచ్చేదని అడిగితే కాస్త సిగ్గుపడి, "డికాషన్ లాగ" అన్నాడు.

చెప్పాక ఆయనే ఆగిపోయాడు. నేనేమీ కలపలేదు.

నేను గట్టిగా పట్టుబట్టింది రెండు విషయాల్లో. ఒకటి, విజిట్ వీసా వద్దు. మిగిలినది ఇవ్వొద్దు, ఇచ్చిన ఇరవై వేలు అడుగు. (పన్నెండు వేలు వెనక్కొచ్చాయి. అదే ఏజెంటు ద్వారా వెళ్ళినవాళ్ళలో ఇద్దరు నాలుగు నెలలకే తిరిగొచ్చారు, వాళ్ళకి రూపాయి రాలేదు.) రెండు, పరీక్ష. సోంపేట కాదు, పలాస కాదు, ఇచ్ఛాపురం దాటి బరంపురం. అక్కడ ఈయన ఎవరో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఏం చెప్పాలన్న దగ్గర మాకు కాస్త వాదన జరిగింది. తల్లికి చెప్పొద్దన్నాడు, సరే అన్నాను. భార్యకి చెప్పాల్సిందేనన్నాను. చెప్పాడు. "బొటనవేలు చూసినాక నాకు తెలీదేటి" అందిట ఆమె, "నానూ వస్తాను."

జూన్‌లో ముగ్గురం రైలెక్కాం. క్రియాటినిన్ 1.1. బీపీ 146/94. మూత్రంలో ప్రొటీన్ ఒక ప్లస్. డాక్టరు రిపోర్టు బల్ల మీద పెట్టి మూడు మాటలు చెప్పాడు: ఇది కిడ్నీ జబ్బని ఇప్పుడే అనలేను; మూడు నెలలు పోయాక మళ్ళీ చూసి, అప్పటికీ ఉంటే అనాలి; ఈలోగా బీపీ మాత్ర వేసుకో, నొప్పి మాత్రలు ముట్టుకోకు. రిగ్గర్ అడిగింది ఒక్కటే: "ఫిట్టేనా సార్?" డాక్టరుకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నేనూ జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చాక ఆ మూడు నెలలు అందరికన్నా కష్టపడింది భార్య. ఇంట్లో ఉప్పు తగ్గించింది. ఎందుకని అత్తగారు అడిగితే తనకి బీపీ అని చెప్పింది. ఆ అబద్ధం వల్ల అత్తగారు ఇప్పటికీ ఆమెని ఉపవాసాలు ఉండనివ్వడం లేదు.

సెప్టెంబరులో రెండోసారి. క్రియాటినిన్ 1.0, ప్రొటీన్ నామమాత్రం, బీపీ 132/84. ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు. నేను మూడు నెలలకోసారి అని బేరం పెట్టాను.

తర్వాత

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జామ్‌నగర్‌లో షట్‌డౌన్ పని చేసొచ్చాడు. వెళ్ళడం మానతాడని నేననుకోలేదు, మానమని చెప్పనూ లేదు. మానిపించడం నా పని కాదు. ఒకడు ఊరు వదిలిపోకపోతే మా సంస్థ విజయం అని రిపోర్టుల్లో రాసే ధోరణి ఒకటుంది. నాకు అది నచ్చదు.

2025 మార్చిలో లైసెన్సున్న ఏజెన్సీ ద్వారా ఖతార్ ఆఫర్ వచ్చింది. ఈ-మైగ్రేట్‌లో జాబ్ కోడ్ ఉంది, 35,400కి రసీదు ఇచ్చారు, తిండి కంపెనీదే. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పొద్దున్న పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని చేయించకూడదు. ఉక్కపోతతో కలిపి కొలిచే వేడి 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళలోనైనా ఆపాలి. సౌదీలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకానే విరామం. రెండు దేశాల మధ్య ఎంచుకోమంటే అందుకే ఖతార్ అన్నాను. నిబంధన కాగితం మీద ఉంటుంది, సైటు మీద ఉంటుందో లేదో చూసేవాడు సూపర్‌వైజరే. ఫోర్‌మన్‌గా వెళ్తున్నాడు కాబట్టి తన గ్యాంగుకి నీళ్ళ టైమ్ తనే పెట్టగలడు. 2024 మార్చిలో నేను తప్పుగా పట్టుకున్న ఆ గౌరవం ఇక్కడ మాత్రం పనికొచ్చింది.

మెడికల్‌కి వెళ్ళిన రోజు సాయంత్రం ఫోన్ చేశాడు. "ఫిట్ మాస్టారూ." నాలుగో కాగితం లామినేషన్ చేయించావా అని అడిగాను. నవ్వి, ఫైలు భార్య దగ్గర పెట్టేశానన్నాడు. ఆమె దాన్ని రంగం పెట్టెలో పెట్టి తాళం వేసిందట.

ఏప్రిల్ చివర పలాసలో కోణార్క్ ఎక్కాడు. స్టేషన్‌కి నేనూ వెళ్ళాను, అలా వెళ్ళడం నాకు అలవాటు లేదు. సంచిలో ఆరు నెలల బీపీ మాత్రలూ, వాటికి డాక్టరు రాసిన చీటీ నకళ్ళు రెండూ ఉన్నాయి. కూతురు ఆయన చెయ్యి ఎటు ఊపితే అటు పరిగెడుతోంది, రిగ్గింగ్ సైగలు నేర్పాడు దానికి. పిడికిలి బిగిస్తే ఆగాలి. రైలు కదిలాక తలుపు దగ్గర నిలబడి పిడికిలి చూపించాడు. పిల్ల అక్కడే ఆగి నిలబడింది.

జులైలో దోహా క్లినిక్ రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది, 1.0. అక్టోబరుది రావాల్సిన తేదీ దాటింది. మొన్న సోమవారం ఫోన్ చేశాను. "డ్యూటీలో ఉన్నాను మాస్టారూ, శుక్రవారం సెలవు, సేయించి పంపుతాను" అన్నాడు. భార్యకి ఫోన్ చేస్తే, తనకీ అదే చెప్పాడంది. శుక్రవారం నిన్ననే. ఇంకా రాలేదు.